గ్యోర్‌తో ఫైనల్ ఆడిన జట్లు ఇప్పుడెక్కడ?

2025 జూన్ 1న బుడాపెస్ట్‌లోని ఎంవీఎం డోమ్‌లో హంగరీ క్లబ్బు గ్యోర్ 29-27తో డెన్మార్క్ జట్టు ఓడెన్సెను ఓడించింది. యూరప్ మహిళల హ్యాండ్‌బాల్ ఛాంపియన్స్ లీగ్‌లో గ్యోర్‌కి ఇది వరుసగా రెండో కప్పు, మొత్తమ్మీద ఏడోది. చివరి నాలుగు జట్లు ఒకే వారాంతంలో సెమీస్, ఫైనల్ ఆడే ఫైనల్ ఫోర్‌కి ఓడెన్సె రావడం అదే మొదటిసారి. వచ్చీ రాగానే ఫైనల్‌కి చేరి, రెండంటే రెండు గోల్స్ దూరంలో ఆగిపోయింది. ఆట చూసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? అయినా 2024-25 సీజన్ అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ ఫైనల్ కాదు. జనవరిలో పాయింట్ల పట్టికలోంచి కొట్టేసిన నార్వే క్లబ్బు వైపర్స్ పేరు.

ఆ పేరు దగ్గరికి వెళ్లేముందు ఒక లెక్క చూడాలి. 2017 నుంచి 2025 దాకా గ్యోర్ ఆరు ఫైనల్స్ ఆడింది. 2017లోనూ 2018లోనూ ఎదుటి జట్టు ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేకి చెందిన వార్దార్. రెండుసార్లూ అదనపు సమయం ఆడాల్సి వచ్చింది, రెండుసార్లూ వార్దార్ ఒకే ఒక్క గోల్ తేడాతో ఓడింది. 2019లో రష్యా క్లబ్బు రోస్తోవ్-డాన్, అదీ 25-24. 2022లో నార్వేకి చెందిన వైపర్స్ క్రిస్టియాన్‌సాండ్, ఆసారి 33-31తో ఓడింది గ్యోరే. 2024లో జర్మనీ క్లబ్బు బీటిగ్‌హైమ్, 2025లో ఓడెన్సె. మొత్తం ఐదు క్లబ్బులు. వార్దార్ మహిళల జట్టుకి డబ్బు పెడుతున్న రష్యన్ వ్యాపారి సెర్గెయ్ సామ్సొనెంకో 2018లో చేతులెత్తేయడంతో జట్టు జట్టంతా చెల్లాచెదురైంది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక 2022లో రష్యా క్లబ్బులను యూరప్ పోటీల నుంచి తప్పించారు, రోస్తోవ్ అలా పోయింది. వైపర్స్ 2025 జనవరిలో దివాలా తీసింది. లుడ్విగ్స్‌బర్గ్ అని కొత్త పేరు పెట్టుకున్న బీటిగ్‌హైమ్ అదే ఏడాది జులైలో దివాలా పిటిషన్ వేసింది. చివరికి నిలబడి ఉన్నది ఓడెన్సె ఒక్కటే.

రోస్తోవ్ సంగతి వేరు, అది యుద్ధం తెచ్చిన ఫలితం. మిగతా మూడూ డబ్బు లేక కూలినవే. ఖండంలోనే అతిపెద్ద వేదిక మీద ఫైనల్ ఆడిన క్లబ్బులు ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు తిరిగేసరికి జీతాలివ్వలేని స్థితికి వస్తుంటే, లోపం ఒక్కో క్లబ్బు అకౌంట్ పుస్తకంలోనే ఉందనుకోవడం పొరపాటు. పోటీని నడిపే తీరులోనే ఉందని నా అభిప్రాయం.

వైపర్స్ ఎలాంటి జట్టో తెలిస్తేనే ఈ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. క్రిస్టియాన్‌సాండ్ నార్వే దక్షిణ కొసన లక్ష పైచిలుకు జనాభా ఉన్న రేవు పట్నం. వైపర్స్ సొంత హాలు ఆక్వరామాలో పట్టేది రెండు వేల పైచిలుకు మంది. అలాంటి ఊరి జట్టు 2021, 2022, 2023 మూడేళ్లూ వరుసగా యూరప్ ఛాంపియన్ అయింది. మొదటి కప్పు కోవిడ్ కాలంలో వచ్చింది. సొంత ఊళ్లో మ్యాచ్ పెట్టుకునే వీల్లేక ఆ సీజన్ కీలక దశలో పరాయి దేశాల్లోనే ఉంటూ ఆడారు. ఫైనల్లో ఫ్రాన్స్ క్లబ్బు బ్రెస్ట్‌ను 34-28తో ఓడించారు. అప్పటి కోచ్ ఓలె గుస్తావ్ యెక్‌స్టాడ్ 2025లో నార్వే జాతీయ జట్టు పగ్గాలు చేపట్టాడు. ఆ ఫైనల్ ఫోర్‌లో మెరిసిన హెన్ని రైస్టాడ్ తర్వాత ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయింది.

గోల్‌లో ఉన్నది కత్రీనె లుండె. 1980లో అదే క్రిస్టియాన్‌సాండ్‌లో పుట్టింది. డెన్మార్క్ క్లబ్బు విబోర్గ్‌తో రెండు, గ్యోర్‌తో రెండు, సొంత ఊరి వైపర్స్‌తో మూడు, మొత్తం ఏడు ఛాంపియన్స్ లీగ్ కప్పులు గెలిచింది. హ్యాండ్‌బాల్ గోల్ మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. వింగ్‌లోంచి, అంటే కోర్టు అంచు నుంచి, గాల్లోకి లేచిన ప్లేయర్ గోల్ చుట్టూ ఉండే ఆరు మీటర్ల గీత దాటి లోపలికి వచ్చేసి బంతి వదులుతుంది. గోల్‌కీపర్‌కి ఆలోచించే వ్యవధి ఉండదు. లుండె ఆట జాగ్రత్తగా గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. ఆమె తొందరపడి ముందే కదలదు. ప్రత్యర్థి మణికట్టు తిరిగేదాకా ఆగి, అప్పుడు కాలు భుజం ఎత్తుకి లేపుతుంది. నలభై దాటాక కూడా అలా ఆగగలగడం ఈ ఆటలో నేను చూసిన గొప్ప విషయాల్లో ఒకటి.

ఇంత చరిత్ర ఉన్న జట్టు 2024 అక్టోబరులో, సీజన్ మొదలైన కొన్ని వారాలకే, దివాలా అంచుకి వచ్చింది. స్థానికులు, మద్దతుదారులు కూడబలుక్కుని అప్పటికి గట్టెక్కించారు. మూడు నెలలు గడిచాయో లేదో జనవరిలో మూతపడింది. ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశ అప్పటికి సగం దాటింది. వైపర్స్ ఆడిన మ్యాచ్‌లన్నీ రద్దు చేశారు. వాళ్లను చెమటోడ్చి ఓడించిన జట్లకి ఆ పాయింట్లు పోయాయి, వాళ్ల చేతిలో ఓడిన జట్లకి ఆ ఓటమి మాఫీ అయింది. పదహారు జట్లు, ఎనిమిదేసి జట్ల రెండు గ్రూపులు, ఇంటా బయటా కలిపి ఒక్కో జట్టుకి పద్నాలుగు మ్యాచ్‌లు. గ్రూపులో మొదటి రెండు జట్లు నేరుగా క్వార్టర్స్‌కి, మూడు నుంచి ఆరు స్థానాల్లో ఉన్నవి ప్లేఆఫ్‌కి వెళతాయి. ఇంత పకడ్బందీగా కట్టిన లెక్క ఒక క్లబ్బు బ్యాంకు ఖాతా ఖాళీ కాగానే తారుమారైంది. ఆ గ్రూపులో ఒక్కో స్థానం కోసం పోరాడిన జట్లకి ఇది న్యాయం అనిపించుకోదు.

ప్లేయర్ల వైపు నుంచి చూస్తే బాధ ఇంకా ఎక్కువ. పరాయి దేశం నుంచి వచ్చి, ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లలుంటే వాళ్లను బడిలో చేర్చి, జూన్ దాకా కాంట్రాక్టు ఉందన్న ధీమాతో ఉన్న మనిషికి జనవరిలో జీతం ఆగిపోతుంది. అప్పటికే పెద్ద జట్లన్నీ నిండి ఉంటాయి. పేరున్నవాళ్లకి ఎక్కడో ఒకచోట చోటు దొరుకుతుంది. బెంచీ మీది పంతొమ్మిదేళ్ల అమ్మాయికి, ఫిజియోకి, యువ జట్ల కోచ్‌కి దొరకదు. వార్తల్లో ఎప్పుడూ పేరున్నవాళ్లే కనపడతారు.

లుడ్విగ్స్‌బర్గ్ కథ ఇంకా విడ్డూరం. 2022లో బీటిగ్‌హైమ్ పేరుతో రెండో స్థాయి టోర్నీ అయిన యూరోపియన్ లీగ్ గెలిచింది. 2024లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. 2025లో మళ్లీ జర్మనీ ఛాంపియన్ అయింది. ఆ విజయోత్సవాలు జరిగిన కొన్ని వారాలకే దివాలా పిటిషన్ వేసి, జర్మనీ లీగ్ బుండెస్‌లీగా నుంచీ రాబోయే ఛాంపియన్స్ లీగ్ నుంచీ తప్పుకుంది. జర్మనీ అంటే చిన్న దేశమా? పురుషుల హ్యాండ్‌బాల్‌కి ప్రపంచంలోనే అత్యంత బలమైన లీగ్ ఉన్న దేశం. అక్కడి మహిళల ఛాంపియన్‌కే ఈ గతి పట్టింది.

అదే 2025 డిసెంబరులో రోటర్‌డామ్‌లో మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఆడింది నార్వే, జర్మనీ. నార్వే 23-20తో గెలిచింది. ప్రపంచంలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన దేశాల్లో, ఒకదాని అతిగొప్ప క్లబ్బూ మరోదాని ఛాంపియన్ క్లబ్బూ అదే ఏడాది మూతపడ్డాయి. ప్రతిభ లేదనో, జనానికి ఆసక్తి లేదనో ఎవరైనా అంటే ఈ ఒక్క సంగతి చెబితే చాలు. పైగా 2023లో బుడాపెస్ట్ ఫైనల్ ఫోర్‌కి వచ్చిన ప్రేక్షకులు 20,022 మంది, హాలు పట్టినంత జనం. మహిళల క్లబ్ హ్యాండ్‌బాల్‌లో అది రికార్డు.

మరి డబ్బు ఎక్కడ ఆగిపోతోంది? ఆ 20,022 మంది వచ్చేది ఏడాదికి ఒక్క వారాంతం, అదీ యూరోపియన్ హ్యాండ్‌బాల్ సమాఖ్య నిర్వహించే పండగకి. క్లబ్బుకి మిగతా తొమ్మిది నెలలూ దిక్కు తన సొంత హాలే. రెండు వేల సీట్ల హాల్లో టికెట్లమ్మి ప్రపంచస్థాయి జట్టును పోషించడం కుదిరే పని కాదు. టీవీ హక్కుల మీద బతికే పరిస్థితీ లేదు. ఇక మిగిలేది స్పాన్సర్లు, ఊరి మున్సిపాలిటీ, ఒకరిద్దరు స్థానిక ధనవంతులు. ఇంకోవైపు ఖర్చు ఆగదు. పద్నాలుగు గ్రూపు మ్యాచ్‌లు, వాటికి విమాన ప్రయాణాలు, దాంతోపాటే దేశవాళీ లీగ్, కప్పు పోటీ. ఇంత భారం మోయాలంటే పద్నాలుగు, పదహారు మంది మేటి ప్లేయర్లు కావాలి, కోర్టులో ఉండే ఏడుగురితోనే నెట్టుకొస్తే ఫిబ్రవరికల్లా సగం మంది మోకాళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఈ స్థాయి ప్లేయర్‌కి జీతం ఎంతన్నది హంగరీ, రుమేనియా క్లబ్బులు ఇవ్వగలిగిన దాన్ని బట్టి తేలుతుంది. నార్వే పట్నంలోని క్లబ్బు కూడా ఆ ధరకే వేలం పాడుకోవాలి. పాడుకోకపోతే రైస్టాడ్ లాంటివాళ్లు వెళ్లిపోతారు, నిజానికి ఆమె మొదటి కప్పు గెలిచిన వెంటనే డెన్మార్క్ క్లబ్బు ఎస్బియర్గ్‌కి వెళ్లిపోయింది.

గ్యోర్‌ని ఇక్కడ దోషిగా నిలబెట్టడం అన్యాయం. ఆ క్లబ్బు గెలుపు కోర్టు మీద సాధించుకున్నదే. 2024 సీజన్ మధ్యలో కోచ్‌ని మార్చి స్వీడన్‌కి చెందిన పెర్ యోహన్సన్‌ని తెచ్చుకుంది, ఆయన వరుసగా రెండు కప్పులూ అందించాడు. స్టీనె ఓఫ్టెడాల్ లాంటి ప్లేమేకర్ 2024 ఒలింపిక్స్ స్వర్ణంతో ఆట నుంచి తప్పుకున్నా జట్టు తడబడలేదు. ఫ్రాన్స్ క్లబ్బు మెట్స్ నుంచి గోల్‌కీపర్ హతాదూ సాకో వచ్చింది, బ్రెజిల్ అమ్మాయి బ్రూనా డి పౌలా బ్యాక్ కోర్ట్‌లో చొరవ తీసుకుంది. కానీ గ్యోర్ నిలకడకి ఆధారం ఏమిటో కూడా చెప్పుకోవాలి. క్లబ్బు పూర్తి పేరులోనే ఆడీ ఉంది, ఆ ఊళ్లో ఆడీ కంపెనీకి భారీ ఇంజిన్ ఫ్యాక్టరీ ఉంది. దానికి తోడు, కంపెనీలు తమ పన్నులో కొంత భాగాన్ని హ్యాండ్‌బాల్‌తో సహా కొన్ని జట్టు ఆటలకి మళ్లించే వీలు కల్పిస్తూ హంగరీ ప్రభుత్వం 2011లో ఒక పథకం తెచ్చింది. ఫైనల్ జరిగే ఎంవీఎం డోమ్ కూడా ప్రభుత్వం కట్టించిందే. రుమేనియాలో సీఎస్ఎం బుకరెస్ట్ నగరపాలక సంస్థ క్లబ్బు. నాలుగుసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయిన క్రిస్టినా న్యాగు 2017 నుంచి తన చివరి సీజన్ 2024-25 దాకా అక్కడే ఆడగలిగిందంటే వెనక ఆ ఖజానా ఉండబట్టే. (ఆ క్లబ్బుతో ఆమెకి ఛాంపియన్స్ లీగ్ కప్పు దక్కకుండానే ఆట ముగియడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది.)

అంటే ఒకవైపు ప్రభుత్వ అండ ఉన్న క్లబ్బులు, ఇంకోవైపు స్పాన్సర్ల దయ మీద ఆధారపడ్డ క్లబ్బులు ఒకే పట్టికలో పోటీ పడుతున్నాయి. ప్రభుత్వ అండ కూడా శాశ్వతం కాదు. పాలకులు మారితే పథకాలు మారతాయి, మేయర్ మారితే బడ్జెట్ మారుతుంది.

వైపర్స్ యాజమాన్యం స్తోమతకు మించి ఖర్చు చేసింది, అనుభవించింది, ఇందులో సమాఖ్య తప్పేముంది అని వాదించేవాళ్లున్నారు. ఖర్చు మించిన మాట నిజమే. కానీ అప్పు చేసైనా గెలిచినవాడికి మూడు కప్పులూ, జాగ్రత్తగా లెక్క చూసుకున్నవాడికి గ్రూపు దశలోనే ఇంటిదారీ దక్కే పోటీలో, యాజమాన్యాలు ఏ దారి పడతాయో ఊహించడం కష్టం కాదు. ఛాంపియన్స్ లీగ్‌లో చోటు ఇచ్చేటప్పుడు సమాఖ్య హాలు ఎంత పెద్దదో చూస్తుంది, ప్రేక్షకుల సంఖ్య చూస్తుంది, టీవీ ప్రసారం సంగతి చూస్తుంది. జూన్ దాకా జీతాలివ్వడానికి డబ్బు ఉందా అన్నది కూడా అంతే గట్టిగా చూడాలి.

ఫ్రాన్స్‌లో ఇందుకు ఒక నమూనా ఉంది. అక్కడి హ్యాండ్‌బాల్ సమాఖ్య తరఫున ఒక కమిషన్ క్లబ్బుల జమాఖర్చులు తనిఖీ చేస్తుంది, లెక్క తేలకపోతే ఆంక్షలు పెడుతుంది. 2021లో మహిళల లీగ్ క్లబ్బులు, ప్లేయర్ల సంఘం కలిసి సామూహిక ఒప్పందం చేసుకున్నాయి. గర్భవతి అయిన ప్లేయర్‌కి ఏడాదిపాటు జీతం ఆగకూడదన్న షరతు అందులో ఉంది. ఫ్రెంచ్ క్లబ్బులకి కష్టాలు రాలేదని కాదు, వచ్చాయి. కానీ మెట్స్ 2019, 2022, 2024, 2025ల్లో ఫైనల్ ఫోర్‌కి వచ్చింది. 2025 దాకా కప్పు అందలేదు గానీ, అదే కోచ్ ఇమ్మాన్యుయెల్ మయోనాద్ చేతి కింద, ఊళ్లో తయారైన అమ్మాయిలకి కూడా చోటిస్తూ ఆడుతూ వచ్చింది. ఒక్క సీజన్ మెరుపు కన్నా నాకు ఇదే పెద్ద ఘనతగా కనిపిస్తుంది.

యూరోపియన్ సమాఖ్య చేయాల్సింది పెద్ద రహస్యమేమీ కాదు. సెప్టెంబరులో మొదటి మ్యాచ్ ఆడేముందే ప్రతి క్లబ్బూ సీజన్ మొత్తం జీతాలకి బ్యాంకు గ్యారంటీ చూపించాలి. చూపించలేని క్లబ్బు ఎన్ని కప్పులు గెలిచినదైనా యూరోపియన్ లీగ్‌లో ఆడాలి. అక్కడ మ్యాచ్‌లు తక్కువ, ఖర్చు తక్కువ, ఆట స్థాయికి లోటు లేదు. బుడాపెస్ట్ ఫైనల్ ఫోర్ ఆదాయంలో ఒక వాటాని జీతాల రక్షణ నిధిగా పక్కన పెట్టాలి. నడి సీజన్లో క్లబ్బు కూలితే జూన్ దాకా ప్లేయర్లకీ సిబ్బందికీ ఆ నిధి నుంచి చెల్లించాలి. ఈ నిబంధనలు 2024 వేసవిలోనే ఉండి ఉంటే వైపర్స్ బహుశా ఆ సీజన్ ఛాంపియన్స్ లీగ్‌లో ఉండేది కాదు, కానీ క్రిస్టియాన్‌సాండ్‌లో ఉండేది.