వీసం విమానం

సంబంధాలు చూసిపెట్టే పెద్దమనిషికి మా అక్క ఫోనులో చెప్పిన మాట ఒకటి, ఆయన తన పుస్తకంలో రాసుకున్న మాట మరొకటి. అబ్బాయి అమెరికాలో ఫ్రాక్షనల్ జెట్ కంపెనీలో పైలట్ అని అక్క చెప్పింది. ఫ్రాక్షనల్ అంటే ఏమిటమ్మా అని ఆయన అడిగితే, "ఒక్కో విమానంలో పదహారో వంతు వాటా ఉంటుందండీ, అందులో..." అని ఆమె వివరం మొదలుపెట్టేసరికి, "చాలమ్మా, అర్థమైంది" అని ఆయన ఫోను పెట్టేశారు. వారం తిరక్కుండా చెన్నై నుంచి ఒక రైల్వే విశ్రాంత ఉద్యోగి నాకు ఫోను చేసి, "మీ మేనల్లుడికి జెట్ విమానంలో వీసం వాటా ఉందట కదండీ, వచ్చే ఆదివారం బెంగళూరు వస్తున్నాం" అన్నారు. పాత లెక్కల్లో వీసమంటే పదహారో వంతే కాబట్టి ఆయన లెక్కను తప్పుపట్టడానికి వీల్లేదు. ఆ వీసం ఎవరిదన్న దగ్గరే తప్పు జరిగింది.

సొంత విమానం కొని మేపడం ఏనుగును మేపడం కన్నా కష్టమని తెలిసిన ధనవంతులు అందులో వాటా కొంటారు. పదహారో వంతు కొన్నవారికి ఏడాదికి సుమారు 50 గంటల ప్రయాణం దక్కుతుంది. పైలట్లను పెట్టడం, విమానాన్ని కడిగించడం, మరమ్మతులు చేయించడం అంతా కంపెనీ చూసుకుంటుంది. ఈ పద్ధతిని 1986లో రిచర్డ్ సాంటుల్లి నెట్‌జెట్స్‌లో మొదలుపెట్టాడు. 1998లో వారెన్ బఫెట్‌గారి బెర్క్‌షైర్ హాథవే ఆ కంపెనీని కొనేసింది. మావాడు పనిచేసేది అలాంటిదే మరో కంపెనీలో. అక్కడి విమానాల్లో వాడికి వీసం కాదు గదా, అరవీసం కూడా లేదు. వాడికి ఉన్నదల్లా ముందు సీటు, వెనుక సామాన్ల గది.

ఆ సామాన్ల గది సంగతి కొంచెం చెప్పాలి. పెద్ద ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ తలుపు వేసుకుని కూర్చుంటాడు, ప్రయాణికుల పెట్టెల మొహం ఆయన చూడనక్కర్లేదు. ఫ్రాక్షనల్‌లో అలా కుదరదు. యజమాని కారు దిగగానే పైలట్ ఎదురెళ్ళి నమస్కరించాలి, పెట్టెలు లెక్కపెట్టి ఎక్కించాలి, ఐసూ కాఫీ పొడీ ఉన్నాయో లేదో చూసుకోవాలి, దిగాక సీటు సందుల్లో పడిన జీడిపప్పు ముక్కలు ఏరాలి. నాలుగేళ్ళుగా ఇదే పని చేయడంతో మావాడికి కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడితే చాలు, చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి.

ఆదివారం పొద్దున పెళ్ళివారు రాబోతుండగా మా ఆవిడకు కరివేపాకు లేదని గుర్తొచ్చింది. అప్పటికే తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని తయారైన మావాడే దానికోసం కిందికి దిగాడు. సరిగ్గా అప్పుడే మారతహళ్ళిలోని మా అపార్ట్‌మెంటు గేటు ముందు చెన్నై వారి ట్యాక్సీ ఆగింది. ఆ తరువాత జరిగింది నేను బాల్కనీ నుంచి కళ్ళారా చూశాను, అంత ఎత్తు నుంచి చేయగలిగింది లేక చూస్తూ ఉండిపోయాను.

మావాడు కరివేపాకు కట్టను జేబులో కుక్కుకుని ట్యాక్సీ తలుపు తెరిచాడు. పెద్దావిడ తలకు పైన తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. డిక్కీలోంచి ఒక సూట్‌కేసు, ఒక చేతిసంచి, ఒక పళ్ళబుట్ట దించి, వేలితో ఒకటి, రెండు, మూడు అని లెక్క చూసుకున్నాడు. పెద్దాయన వాడిని మేం పంపిన డ్రైవరనుకుని, తనకు తెలిసిన నాలుగు కన్నడ మాటల్లోంచి రెండు ఏరి, "స్వల్ప హుషారప్పా" అన్నారు. కన్నడంలో హుషారంటే జాగ్రత్త అని టెక్సాస్‌లో పెరిగిన మావాడికి తెలియదు. తెలుగులో ఉన్న అర్థమే తీసుకుని, ఇంకాస్త హుషారుగా సూట్‌కేసును భుజానికెత్తి మెట్లమీద పరుగందుకున్నాడు. మూడో అంతస్తు చేరాక పెద్దాయన వాడి చేతిలో యాభై రూపాయల నోటు పెట్టారు. వాడు అలవాటు చొప్పున చిరునవ్వు నవ్వి, "ప్రయాణం సౌకర్యంగా జరిగిందా సార్?" అని అడిగాడు.

"డ్రైవరు తెలుగువాడే, మర్యాదస్తుడు" అంటూ లోపలికొచ్చి కూర్చున్న పెద్దాయనకు, ఆ డ్రైవరే పది నిమిషాల తరువాత కాఫీ కప్పు అందుకుని ఎదురుగా సోఫాలో కూర్చోవడం చూసి పొలమారింది. "మా అబ్బాయండీ" అని మా అక్క పరిచయం చేసింది. పెద్దావిడ భర్తవంక చూసిన చూపును ఇక్కడ వర్ణించబోవడం లేదు.

విమానంలో వీసం వాటా లేదని కూడా ఆ వెంటనే చెప్పేశాం, ఒకే మందుతో రెండు జబ్బులూ పోతాయని. ఆయన కాసేపు గోడ గడియారం చూసి, ఉన్నట్టుండి పెద్దరికం తెచ్చుకుని, విచారణకు దిగారు. సర్వీసంతా రైలు డ్రైవర్లకు డ్యూటీలు వేసిన మనిషి కాబట్టి, ఆయన అడగవలసినవే అడిగారు.

"సీనియారిటీ ఉందా?"

రెండు చోట్లా ఉందని మావాడు చెప్పాడు. పెద్ద ఎయిర్‌లైన్‌లో అయితే ఏ విమానం, ఏ ఊరు, ఏ పండక్కి సెలవు అన్నవన్నీ ఆ వరుసలోని అంకెనుబట్టే వస్తాయి. వేరే ఎయిర్‌లైన్‌కు మారితే మళ్ళీ వరుస చివరనే నిలబడాలి. "తిరుమల క్యూలో బయటికెళ్ళి మళ్ళీ చేరినట్టు" అని నేను అందించాను. ఆయన తల ఊపారు. వరుసలో కిందనున్నవాడు ఫోను పక్కన పెట్టుకుని పిలుపు కోసం కాచుకోవాలని చెబితే, "మా స్పేర్ డ్యూటీయే కదా" అని ముచ్చటపడ్డారు.

"మరి నీ దాంట్లో?"

"ఏడు రోజులు పని, ఏడు రోజులు ఇల్లు అండీ. పని వారంలో రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటానో పొద్దున నాకే తెలియదు. విమానం ఏ ఊళ్ళో ఉంటే అక్కడికి కంపెనీయే టికెట్ కొని పంపుతుంది."

రైలు డ్రైవర్లు పొరుగూళ్ళో పడుకునే రన్నింగ్ రూం ఏ ఊళ్ళో ఉందో తెలియని డ్యూటీ పెద్దాయనకు రుచించలేదు. మాట మళ్ళించడానికి నేను ఆయన్ను బాల్కనీలోకి పిలిచాను. 2008 మేలో ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి తరలిపోయినా, మా దగ్గరున్న హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో చిన్న జెట్లు దిగుతూనే ఉంటాయి. అదృష్టవశాత్తు ఒకటి కనబడింది. "మావాడిది అలాంటిదే" అన్నాను. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "చాలా చిన్నదండీ" అన్నారు.

చిన్నదే. అయితే అమెరికాలో ఎయిర్‌లైన్లు వెళ్ళే విమానాశ్రయాలు సుమారు ఐదు వందలైతే, చిన్న జెట్లు దిగగలిగేవి వేలల్లో ఉన్నాయి. కొండల మధ్య, సముద్రమట్టానికి 7,800 అడుగుల ఎత్తునున్న ఆస్పెన్‌లాంటి చోట్లకు కూడా మావాడు వెళ్తాడు. ఈ మాట చెబితే పెద్దావిడ, "కొండలమీదకెందుకు బాబూ, మెయిన్ లైన్‌లో ఖాళీలు లేవా?" అన్నారు.

ఖాళీ ఉంది, అదే అసలు చిక్కు. పెద్ద ఎయిర్‌లైన్ ఒకటి మావాడికి ఉద్యోగపత్రం పంపింది. బ్యాంకులో ముప్పై ఆరేళ్ళు పద్దులు రాసిన నేను అప్పటికే రెండు పక్కలా గీతలు కొట్టి లెక్క వేసి ఉంచాను. డబ్బు పక్క చూస్తే ఎయిర్‌లైనే బరువు: 2023లో డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లు నాలుగేళ్ళలో 34 శాతం జీతం పెరిగే ఒప్పందం సాధించారు, పెద్ద విమానాల కెప్టెన్ అయితే ఇక చెప్పనక్కర్లేదు. వయసు పక్క చూస్తే ఎయిర్‌లైన్‌లో 65 నిండగానే దిగిపోవాలి, ఫ్రాక్షనల్‌లో బాగా పెద్ద కంపెనీలకు 2022 చివర చట్టం పెట్టిన హద్దు 70. ఉద్యోగ భద్రత దగ్గర నా కలం ఆగిపోయింది. గడ్డుకాలం వస్తే ఇద్దరూ మనుషుల్ని ఇంటికి పంపినవారే. నా మటుకు నాకు ఎయిర్‌లైనే మేలనిపించింది. బ్యాంకు మనిషికి వరుస కనబడితే నిలబడాలనిపిస్తుంది.

ఇంతలో వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్ దాటుకుని పెళ్ళికూతురు వచ్చింది. నా లెక్కల కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివి, మావాడి వైపు తిరిగి ఒకే ప్రశ్న వేసింది. "ఆ ఏడు రోజులూ నిజంగా ఇంట్లోనే ఉంటారా, ఫోను వస్తే వెళ్ళిపోతారా?"

"రాదండీ. వచ్చినా ఎత్తనవసరం లేదు" అన్నాడు మావాడు.

ఆ అమ్మాయి నా కాగితంలో జీతం వరస మీద ఏమీ గీయకుండా, ఏడు రోజుల వరస కింద మాత్రం గీత గీసి తిరిగిచ్చింది. పెద్దాయన ఆ గీతను చూసి కూడా చూడనట్టు కాఫీ తాగారు.

సాయంత్రం వారు బయల్దేరారు. ట్యాక్సీ వచ్చిన చప్పుడుకు మావాడు మామూలుగానే లేచాడు. డిక్కీ మూసి, వేలితో లెక్క చూసుకుని, మొహం పాలిపోయి, "మామయ్యా, మూడు వచ్చాయి, రెండే వెళ్తున్నాయి!" అని కేకవేసి మెట్లెక్కి పరుగెత్తాడు. అందరం గేటు దగ్గర నిలబడి ఉండగా పళ్ళబుట్టను గుండెలకు హత్తుకుని దిగివచ్చి, వగరుస్తూ పెద్దావిడ ఒళ్ళో పెట్టాడు.

"బాబూ, ఇది మీ ఇంటికి తెచ్చిన బుట్ట" అందావిడ.

ముందు సీట్లో ఉన్న పెద్దాయన చెయ్యి అప్పటికే చొక్కా జేబులోకి వెళ్ళిపోయింది.