సవరణ: తీసివేతకు నేను చెప్పిన కిటుకు తప్పు

పోయిన వారం ప్రైమరీ పిల్లలకు నోటి లెక్కలు నేర్పడం గురించి రాస్తూ ఒకచోట పప్పులో కాలేశాను. 48+27ను 50+25గా మార్చుకోవచ్చన్నాను, అది సరే. అదే ఊపులో 62−38ని 60−40 చేసుకోమన్నాను. అలా చేస్తే 20 వస్తుంది, అసలు జవాబు 24. హనుమకొండలో మా పక్కింటి నాలుగో తరగతి పాప వేళ్ల మీద లెక్కపెట్టి మరీ పట్టుకుంది!

కూడికలో ఒకదాని నుంచి తీసి రెండోదానికి ఇస్తే మొత్తం మారదు. తీసివేతలో చూసేది తేడా కాబట్టి రెండింటికీ ఒకే సంఖ్య కలపాలి: 64−40. క్లాసులో ఇద్దరు పిల్లల్ని ఒకే బెంచీ ఎక్కించి చూపించండి, వాళ్ల ఎత్తుల తేడా అంతే ఉంటుంది. నేనేమో పొట్టివాణ్ణి రెండు మెట్లు ఎక్కించి, పొడుగువాణ్ణి రెండు మెట్లు దింపాను. నాలుగు తగ్గిందంటే తగ్గదా మరి!

ఇంకొకటి. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల్లో పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం మూడో తరగతి వరకే అని రాశాను. 2022లో మన తెలంగాణలో మొదలైన ఆ కార్యక్రమం ఐదో తరగతి దాకా ఉంది. మూడో తరగతి అన్నది ఇలాంటి పునాది చదువుల కోసమే కేంద్రం వారు పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం.

పాత పోస్టులో రెండూ దిద్దాను. ఇప్పటికే క్లాసులో చెప్పేసిన టీచర్లు ఉంటే, గోలీలు ఇచ్చి పిల్లలతోనే సరిచూయించండి.