విలన్‌కీ ఓ గేము కావాలి

ఆటగాడు ఇష్టమొచ్చిన చోటికి తిరగగలిగే ఓపెన్ వరల్డ్ ఫాంటసీ గేముల్లో అందరికంటే అన్యాయమైపోయినవాడు విలన్. లోకాన్ని బూడిద చేయడానికి పాపం అన్నీ సిద్ధం చేసుకుంటాడు. ఆకాశం చీలుతుంది, డ్రాగన్లు దిగుతాయి, ఊరిపెద్ద హీరో చేతులు పట్టుకుని "ఇంకొక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యొద్దు నాయనా" అని బతిమాలతాడు. హీరో సరేనని, పక్క పొదలో పుట్టగొడుగులు ఏరుకోవడానికి వెళ్లిపోతాడు. వంద గంటలు గడుస్తాయి. చీలిన ఆకాశం చీలినట్టే ఉంటుంది. ఊరిపెద్ద ఇంకా అక్కడే నిలబడి, క్షణం కూడా ఆలస్యం చెయ్యొద్దనే అంటుంటాడు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దేందుకు కొత్త గేము ఒకటి ప్రతిపాదిస్తున్నాను. పేరు 'పడిగాపులు'. ఇందులో మీరే విలన్. మీ ప్రపంచమల్లా కోట పైఅంతస్తులో ఒక గది, ఒక సింహాసనం, ఒక కిటికీ. మ్యాపు మరీ చిన్నదని పెదవి విరిచేవారికి ఒక్క మాట. 1996లో వచ్చిన డాగర్‌ఫాల్ అనే గేము మ్యాపు దాదాపు బ్రిటన్ అంత ఉంటుందని గొప్పగా చెప్పుకున్నారు. వేలకొద్దీ ఊళ్లను మనుషులు కూర్చుని కట్టలేరు కాబట్టి ఆ పని చాలావరకూ కంప్యూటర్‌కే అప్పగించారు. ఫలితంగా ఏ ఊళ్లోకి వెళ్లినా ఇంతకుముందు వచ్చినట్టే ఉంటుంది. మా గదిలో ఆ గందరగోళం లేదు. నిజంగానే ఇంతకుముందు వచ్చారు.

ఆట అంతా వేగులవాడి రాకపోకల మీద నడుస్తుంది.

"ప్రభూ, హీరో బయల్దేరాడు!"

"ఎటు?"

"ముసలమ్మ కోడి తప్పిపోయిందట, వెతకడానికి."

"లోకం అంతమైపోతోందని చెప్పారా?"

"చెప్పాం ప్రభూ. మాట సగంలో ఉండగానే స్కిప్ నొక్కేశాడు."

ఇలాంటి వార్త విన్న ప్రతిసారీ మీ 'సహనం' ఒక పాయింటు పెరుగుతుంది. పది పాయింట్లయితే సింహాసనంలో రెండో పక్కకు ఒరగొచ్చు. యాభై అయితే యుద్ధానికి ముందు చెప్పాల్సిన డైలాగుకు మెరుగులు దిద్దుకోవచ్చు. దాన్ని కూడా హీరో స్కిప్ చేస్తాడన్న సంగతి ఆటగాడికి ముందే చెప్పడం న్యాయం కాదు.

హీరో ఇంతలా ఏం చేస్తున్నాడని అడగొచ్చు. 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో బండల కిందా చెట్ల చివరా 900 కోరోక్ గింజలు దాచారు. అన్నీ ఏరినవాడికి ముట్టేది బంగారు రంగులో మెరిసే పేడముద్దలాంటి బహుమానం. మీ టైము విలువ ఇదీ అని ముఖం మీదే చెప్పిన గేము నాకైతే మరొకటి కనిపించలేదు. అయినా జనం ఏరారు. అలాంటివాడు ప్రళయానికి బెదురుతాడా?

గడువు పెడితే సరి అంటారా? అదీ అయింది. 2000లో వచ్చిన మేజరాస్ మాస్క్‌లో మూడు రోజుల్లో చంద్రుడు నెత్తిన పడతాడని తేల్చేశారు. హీరో ఒకరినా అనే ఊదే వాయిద్యం తీసి పాట వాయించి, మళ్లీ మొదటి రోజుకి వెళ్లి కూర్చున్నాడు. గడువు పెట్టిన విలన్‌కి మిగిలింది అదే చంద్రుణ్ణి మళ్లీ మొదటినుంచీ దింపుకోవడం.

ఇక సిబ్బంది సమస్య. 2006 నాటి ఒబ్లివియన్‌లో హీరో లెవెల్ పెరిగేకొద్దీ శత్రువుల బలమూ పెరిగేది. చివరికి దారిదోపిడీ దొంగలు సైతం రాజులకు కూడా దొరకని కవచాలు తొడుక్కుని, బాటసారి చిల్లర కోసం కత్తి దూసేవారు. అది అమ్ముకుంటే హాయిగా బతకొచ్చని ఒక్కడికీ తట్టలేదు. మా గేములో అదే కవచం వేసుకున్న కాపలావాడు జీతం పెంచమని అడుగుతాడు. బేరమాడాల్సింది మీరే.

అదే ఒబ్లివియన్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని విడిగా రెండున్నర డాలర్లకు అమ్మారు. జనం తిట్టారు, తిడుతూనే కొన్నారు. పెట్టుబడి పెట్టేవారు ఈ రెండో సంగతి గమనించగలరు.

పతాక సన్నివేశానికి వద్దాం. ఎట్టకేలకు హీరో కోట మెట్లెక్కుతాడు. ఎదురుపడితే ఒక్క దెబ్బలో మిమ్మల్ని లేపేస్తాడని తెలుసు, కోళ్లు వెతికి వెతికి అంత బలిశాడు. అయినా లేచి నిలబడి గొంతు సవరించుకుంటారు. సరిగ్గా అప్పుడే అతని తెర మీద హెచ్చరిక పడుతుంది: 'ఇది దాటితే వెనక్కి వెళ్లలేరు. మిగిలిన పనులుంటే ముగించుకోండి.' ఉంటాయి. ఎప్పుడూ ఉంటాయి. గేము సేవ్ చేసుకుని, వచ్చిన దారినే దిగిపోతాడు.

ఆ హెచ్చరికను ఆపేసే మీట విలన్ సింహాసనం చేతికే ఉంటుంది. దాన్ని మాత్రం విడిగా కొనుక్కోవాలి.