పదకొండు నెలలు ఎవరి ఖాతాలో?

మా నాన్న చిన్న గుత్తేదారు. మా మామగారు ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేశారు. గత ఆదివారం నల్లకుంటలోని మా ఇంట్లో భోజనాలయ్యాక మొదలైన వాదన దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. విషయం నాన్న నగరంలో కట్టిన ఒక ప్రభుత్వ ఆసుపత్రి భవనం. 4 కోట్ల 10 లక్షల పని, 18 నెలల గడువు. పూర్తయ్యేసరికి 29 నెలలు పట్టింది. పని విలువలో పది శాతం, అంటే 41 లక్షలు, ఆలస్యానికి జరిమానాగా చివరి బిల్లులోంచి కోసేశారు. నాన్న కోర్టుకు వెళ్తానంటున్నారు. నేను నాన్న పక్షమే, దాచుకోను. కానీ మామగారు అడిగిన కొన్ని ప్రశ్నలకు నా దగ్గర కూడా జవాబు లేదు. అందుకే ఇద్దరి మాటలూ రాస్తున్నాను.

మామగారు: బావగారూ, ఆలస్యమైందా, లేదా? ముందు అది చెప్పండి.

నాన్న: అయింది. ఎందుకైందో కూడా వినండి. అగ్రిమెంటులో ఉన్నది ఎనిమిది మంది ఎక్కే మామూలు లిఫ్టు. గుంత తవ్వి, చుట్టూ గోడలు లేపాక డాక్టర్లు వచ్చి చూసి, ఇందులో స్ట్రెచర్ పట్టదన్నారు. నిజమే, పట్టదు. ఆసుపత్రికి డ్రాయింగు గీసినవాళ్లకు ఆ సంగతి తట్టలేదు! పని ఆపమన్నారు. సవరించిన డ్రాయింగు నా చేతికి రావడానికి 5 నెలలు పట్టింది. అది ఖరారైతేనే లిఫ్టు కంపెనీ తయారీ మొదలుపెడుతుంది.

మామగారు: మొదలుపెట్టాక?

నాన్న: 5 నెలల్లో ఇస్తామని చెప్పి 8 నెలలు చేశారు.

మామగారు: మరి ఆ 3 నెలలు? శాఖ ఒప్పందం చేసుకున్నది మీతో, లిఫ్టు కంపెనీతో కాదు. సరుకు ఇచ్చేవాడి ఆలస్యం మీ ఆలస్యమే. 2003లో ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో సుప్రీంకోర్టు ఏమంది? సా పైప్స్ కంపెనీ ఓఎన్‌జీసీ అనే ప్రభుత్వ చమురు సంస్థకు పైపులు ఇవ్వాలి. యూరప్‌లో ఉక్కు కార్మికులు సమ్మె చేశారు, పైపుల తయారీకి ఉక్కు సమయానికి అందలేదు. ఓఎన్‌జీసీ గడువు పెంచింది, పెంచుతూనే జరిమానా మాత్రం పట్టుకుంటామని రాసింది. ఆ కోత చెల్లుతుందని కోర్టు చెప్పింది. దేశం కాని దేశంలో జరిగిన సమ్మెకే మినహాయింపు దొరకలేదు. మీ లిఫ్టు కంపెనీ చెప్పిన కారణం ఏపాటిది?

నాన్న: ఆ కంపెనీని ఏరికోరి తెచ్చుకున్నది నేనా? శాఖ ఆమోదించిన జాబితాలో ఉన్నవాళ్ల దగ్గరే కొనాలి. వాళ్లు ఎంత చెబితే అంత, ఎప్పుడిస్తే అప్పుడు. ఇంకోవైపు నా మూడో బిల్లు 3 నెలలు కదల్లేదు. టైల్స్ తయారుచేసి ఇచ్చిన చిన్న ఫ్యాక్టరీ యజమాని మాత్రం ఆగుతాడా? చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. అతను ఇలాంటి బకాయిల పేచీలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లి నా మీద ఫిర్యాదు చేశాడు. అతని తప్పేమీ లేదు. శాఖ నాకు ఇవ్వదు, నేను అతనికి ఇవ్వలేను. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మామగారు: సరే, డ్రాయింగు కోసం ఆగిన 5 నెలల సంగతి చూద్దాం. ఆగింది లిఫ్టు దగ్గరే. మిగతా భవనంలో ప్లాస్టరింగు, ఫ్లోరింగు అప్పటికి పూర్తయ్యాయా?

నాన్న: ...కాలేదు. మేస్త్రీ బృందాన్ని వేరే సైటుకు పంపాను. ఎప్పుడు మొదలవుతుందో తెలియని పని దగ్గర ముప్పై మందిని కూర్చోబెట్టి కూలి ఎలా ఇవ్వను?

మామగారు: మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ ఆ 5 నెలల్లో శాఖ ఒక్కటే నిద్రపోలేదు, మీరూ నిద్రపోయారు. కోర్టులో అవతలి వకీలు మొదట అడిగేది ఇదే.

(నాన్న మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. ఆ ప్రశ్న నేను ఎన్నడూ ఆయన్ని అడగలేదు.)

నాన్న: సరే, తప్పు ఇద్దరిదీ అనుకుందాం. శిక్ష నా ఒక్కడికేనా? అగ్రిమెంటులో మనందరికీ కంఠస్థమైన 59వ క్లాజు ఉంది. ఏ కారణం వల్ల ఆలస్యమైనా గుత్తేదారు నష్టపరిహారం అడగకూడదు, గడువు పొడిగింపు మాత్రం అడుక్కోవచ్చు. మీరు ఆలస్యం చేస్తే నాకు రోజులు ఇస్తారు. నేను ఆలస్యం చేస్తే నా దగ్గర రూపాయలు పట్టుకుంటారు. ఇదేం న్యాయం?

మామగారు: చూసుకునే సంతకం పెట్టారు కదా. ఆ క్లాజు పట్టుకుని కోర్టులు గుత్తేదార్ల క్లెయిములు కొట్టేశాయి, సుప్రీంకోర్టు దాకా.

నాన్న: పరిహారం నేను అడగడం లేదు. కోసిన నా డబ్బు నాకు ఇమ్మంటున్నాను. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి. అంతా తీసుకోమని కాదు, సమంజసమైనంత తీసుకోమని. 2015లో కైలాష్‌నాథ్ కేసు చూడండి. వేలంలో స్థలం పాడుకున్న ఆ సంస్థ కట్టిన 78 లక్షల ధరావతును ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ జప్తు చేసింది. అదే స్థలాన్ని మళ్లీ వేలం వేస్తే మొదటి 3.12 కోట్ల బదులు 11.78 కోట్లు వచ్చాయి. నష్టమే లేనప్పుడు జప్తు ఎక్కడిదని సుప్రీంకోర్టు డబ్బు వెనక్కి ఇప్పించింది. మరి నా ఆలస్యం వల్ల శాఖకు ఎంత పోయింది? ఒక్క కాగితం చూపించారా?

మామగారు: (గొంతు పెంచి) నష్టమంటే డబ్బేనా బావగారూ? ఆ 11 నెలలూ పాత భవనంలో రోగుల్ని మెట్ల మీద మోసుకెళ్లారు. కాలు విరిగినవాళ్లను, నిండు చూలాళ్లను. దానికి ఏ ఇంజనీరు లెక్క కడతాడు? లెక్క కట్టలేని నష్టాలుంటాయనే ముందుగా ఒక శాతం రాసుకుంటారు. 2003 తీర్పు చెప్పింది అదే, 2015 తీర్పు దాన్ని తీసేయలేదు.

(నా ఉద్దేశంలో ఆ సాయంత్రం మొత్తానికి బలమైన మాట ఇదే.)

నాన్న: ఆ రోగుల్ని నేనూ చూశాను. చూశాను కాబట్టే చివరి నెలల్లో అప్పు చేసి మరీ పని నడిపించాను.

మామగారు: ఆ సంగతి ఎవరికైనా రాశారా? బిల్లు రాలేదని, డ్రాయింగు రాలేదని, ఆ కారణంగా ఇన్ని రోజులు పోయాయని ఒక్క ఉత్తరం? నోటి మాట నీటి మూట. పొడిగింపు ఉత్తర్వులో జరిమానా హక్కుకు భంగం లేకుండా అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద మీ సంతకమూ ఉంటుంది. అభ్యంతరం తెలుపుతూ నాలుగు ముక్కలు రాసి ఉండాల్సింది.

నాన్న: ఎవరి మీద రాయను? నా పని కొలతలు ఎం బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కించేది శాఖ ఇంజనీర్లే, వాటిని సరిచూసే చెక్ మెజర్‌మెంట్ చేసేది వాళ్లే, బిల్లు పైకి పంపేది వాళ్లే. ఉత్తరం రాసిన మర్నాటి నుంచి నా బిల్లుకు కొర్రీలు మొదలవుతాయి. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నారు కదా, కాదని మీరు చెప్పండి.

(మామగారు చాలాసేపు మాట్లాడలేదు.)

మామగారు: కాదనలేను. మా వైపు సంగతి కూడా వినండి. జరిమానా మాఫీ చేస్తే ఆడిట్ అభ్యంతరం. ఎందుకు మాఫీ చేశావని పదవీ విరమణ అయ్యాక కూడా అడుగుతారు. అదే కోర్టు ఆర్డరిస్తే ఎవరూ అడగరు. రాజీ చేసుకున్న అధికారికి మెమో వస్తుంది, కేసు ఓడిపోయిన అధికారికి ఏమీ రాదు. అందుకే న్యాయం గుత్తేదారు వైపు ఉందని తెలిసి కూడా నేనే కొన్ని ఫైళ్ల మీద 'కోర్టుకు వెళ్లనివ్వండి' అని రాశాను.

నాన్న: కోర్టుకంటే ఎన్నేళ్లు? నానక్‌రామ్‌గూడలో 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కేంద్రం, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే చోటు, తెరిచారు, ప్రపంచం నలుమూలల పేచీలు అక్కడ తీరుస్తారట. మన అగ్రిమెంట్లలో మాత్రం పేచీ విలువ 50 వేలు దాటితే సివిల్ కోర్టే గతి. కేంద్ర ప్రభుత్వం 2023లో పాత కేసుల రాజీకి వివాద్ సే విశ్వాస్ అని పథకం పెట్టింది. కోర్టులో గెలిచినవాళ్లకు 85 శాతం దాకా, ఆర్బిట్రేషన్‌లో గెలిచినవాళ్లకు 65 శాతం దాకా ఇచ్చి ముగించింది. అలాంటిదేదైనా ఉంటే నేను నష్టపోయి కూడా సంతకం పెట్టేవాణ్ని.

మామగారు: సైటులో మీ దగ్గర ఇంకేం కాగితాలున్నాయి?

నాన్న లోపలికి వెళ్లి గుడ్డసంచిలో చుట్టిన సైట్ ఆర్డర్ బుక్, అంటే సైటులో శాఖ అధికారులు ఆదేశాలు రాసే పుస్తకం, తెచ్చారు. అట్ట మీద సిమెంటు నీళ్లు ఎండిన మరకలు. మామగారు కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో పేజీ తిప్పారు. మధ్యలో ఒకచోట ఆగిపోయారు. లిఫ్టు గుంత దగ్గర పని నిలిపివేయండి, సవరించిన డ్రాయింగు పంపబడుతుంది అన్న అర్థంలో రెండు వరుసలు, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం, తేదీ.

మామగారు: ఇది ఉండగా ఉత్తరం లేదని ఎందుకు బాధపడుతున్నారు? పని ఆపమన్నది వాళ్లే అని వాళ్ల చేతిరాతే చెబుతోంది. డ్రాయింగు అందిన రోజు రసీదు ఉందా?

నాన్న: ఉంది.

మామగారు: చివరి బిల్లులో కోత ఎప్పుడు జరిగింది?

నాన్న: మూడేళ్లు కావడానికి ఇంకా 24 రోజులుంది.

మామగారు: దావాకు కాలపరిమితి ఆ మూడేళ్లే, రేపే వకీలును కలవండి. ప్రభుత్వం మీద దావా అంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలూ కాలపరిమితిలో లెక్కకు రావు, కానీ నోటీసు ఈ 24 రోజుల్లోపే వెళ్లాలి. కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తే ముందు మీడియేషన్‌కు, అంటే రాజీ చర్చలకు, కూడా వెళ్లాల్సి ఉంటుంది, అదీ అడగండి. పుస్తకం అసలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి.

నాన్న: అయితే న్యాయం నా వైపే ఉందని ఒప్పుకున్నట్లేనా?

మామగారు: డ్రాయింగు 5 నెలలు శాఖవి, బిల్లు ఆగిన 3 నెలలు కూడా శాఖవే. లిఫ్టు కంపెనీ 3 నెలలు మాత్రం మీవే బావగారూ. వాటికి కోసింది వదులుకోండి.

నాన్న: వదులుకోను.