సైకిళ్లతోనే సరిపెట్టేశారు!

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్‌బే ప్యాకర్స్ ట్రెయినింగ్ క్యాంప్ మీద మీరు రాసిన వ్యాసంలో, అభిమానులు వచ్చేదే ఆటగాళ్లు పిల్లల సైకిళ్లెక్కి ప్రాక్టీసుకి వెళ్లే ముచ్చట చూడ్డానికన్నట్టు తేల్చేశారు. ముచ్చటేలెండి, పాతకాలపు కోచ్ లాంబార్డీ రోజుల నుంచీ ఉన్నదే. ముందు వరసలో ఢీకొనే 140 కిలోల ఆటగాడు, అదే లైన్‌మన్, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే బుల్లి సైకిల్ తొక్కుతాడు. ఆ సైకిల్ ఓనరు ఆయన హెల్మెట్ పట్టుకుని పక్కనే పరుగు.

కానీ సైకిళ్లు దిగాక ప్రాక్టీసు జరిగే రే నిట్‌ష్కీ మైదానంలో జరిగేదే అసలు కథ. అది చూడ్డానికి టికెట్ కూడా అక్కర్లేదు. క్యాంపుకి 90 మంది దాకా వస్తారు, ఆగస్టు చివరికి జట్టులో మిగిలేది 53 మందే. బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌కి బెంగ లేదు, ఆయన చోటు ఎక్కడికీ పోదు. టెన్షనంతా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏటి ఎంపికలో, ఎవరూ ఎంచుకోని కుర్రాళ్లకే. పంట్ (బంతిని దూరంగా తన్నడం) వెనకాల ప్రాణం పెట్టి పరుగెత్తేది వాళ్లే. గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్లు రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) కాగితం చూసుకుంటూ వాళ్ల నంబర్లే వెతుకుతుంటారు.

ఇంకో మాట. మొదటి రోజుల్లో ఒంటికి రక్షణగా వేసుకునే ప్యాడ్లు ఉండవు, ఢీకొట్టడాలూ ఉండవు. షార్ట్స్‌లో ఎవరైనా హీరోయే! మీరు ఆకాశానికెత్తిన ఆ కొత్త రిసీవర్‌ని, అంటే పాస్‌లు అందుకునే ఆటగాణ్ని, ప్యాడ్లు వేశాక చూసి మళ్లీ రాయండి.