'దేవుని చిత్తం' గారికి, తాళంచెవి విషయమై

మహారాజశ్రీ 'దేవుని చిత్తం' అనే ఊతపదం గారి సముఖమునకు,

ప్రభువు నామమున వందనములు. ఈ ఉత్తరం మీకే. మీరు ఎవరి పేరు చెప్పుకుని బతుకుతున్నారో ఆయనతో మాకు పేచీ ఏమీ లేదు.

నిన్న మధ్యాహ్నం మూడింటికి మా చర్చి సంఘ కమిటీ మీటింగ్. గేటు తాళంచెవి ఆరుంపావుకి దయచేసింది. గుంటూరులో మే నెల ఎండ. పద్నాలుగు మందికి ఒక్క వేపచెట్టు, దాని నీడ కూడా అయిదింటికల్లా పక్కవాళ్ల స్థలంలోకి సర్దుకుంది. ఏంటండీ ఇంత ఆలస్యం అంటే తాళంచెవి తెచ్చిన పెద్దమనిషి మిమ్మల్ని ముందుకు తోశాడు. "దేవుని చిత్తం బ్రదర్. ఆయన చిత్తం లేనిదే ఏదైనా జరుగుద్దా?" శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్న సామెతకి మనవాళ్లు ఎప్పుడో బాప్తిస్మం ఇచ్చేసినట్టున్నారు. చీమ మాత్రం పాతదే.

తమరి వంశం గొప్పదని మాకు తెలుసండీ. బైబిల్లో యాకోబు పత్రిక 4వ అధ్యాయంలో ఉంది తమరి పుట్టిల్లు. ఫలానా పట్నం వెళ్తాం, ఏడాది ఉంటాం, వ్యాపారం చేసి లాభం తీస్తాం అని లెక్కలు వేసుకునే వర్తకుల పొగరు దించడానికి పుట్టారు మీరు. అంటే పనికి ముందు తలవంచి అనాల్సిన మాట. మాట తప్పాక తల ఎగరేసి అనడానికి కాదు.

ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలెట్టిన లూథర్ అండ మీకు ఉందని కొందరి ధీమా. గుంటూరుకి 1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చిన దగ్గర్నుంచీ ఇది లూథరన్ల ఊరు కదా. నిజమే, మనిషి చిత్తం స్వేచ్ఛగా ఉందన్న పండితుడు ఎరాస్మస్‌కి జవాబుగా 1525లో లూథర్ మనిషి చిత్తం స్వేచ్ఛగా లేదనే రాశాడు. అది స్వారీ పశువు, ఎక్కితే దేవుడు ఎక్కాలి, లేకపోతే సైతాను ఎక్కుతాడు అన్నాడు. కానీ అది రక్షణ, అంటే పాపం నుంచి విడుదల, సంగతి. మనిషి అదుపులో ఉండే డబ్బు, ఇల్లు, ఆస్తి విషయాల్లో ఎంపిక మనిషిదేనని ఆయనే ఒప్పుకున్నాడు. లూథరన్ల 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 18వ అంశం ఇంకా విడమరిచింది: పొలం పని, తిండి, తాగుడు, స్నేహం, బట్ట కట్టడం, ఇల్లు కట్టడం, పెళ్లి, పశువుల పెంపకం, ఇవన్నీ మనిషి చేతిలోవే. గేటు తాళం తీయడం ఆ జాబితాలో లేదన్న మాట నిజమేననుకోండి.

పోనీ ఇంకో సంస్కర్త కాల్విన్ వాళ్ల దగ్గరికి పోదామా? 1646లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో కూర్చుని రాసినవాళ్లు జరిగేదంతా దేవుడు నిర్ణయించాడని మూడో అధ్యాయం మొదట్లోనే తేల్చారు. అదే వాక్యంలో, దానివల్ల మనుషుల చిత్తం మీద బలవంతం లేదనీ, రెండో కారణాలు, అంటే పని జరగడానికి మధ్యలో ఉండే మనుషులూ వస్తువులూ, కొట్టివేయబడలేదనీ కూడా రాశారు. మూడింటి మీటింగ్‌కి రెండో కారణం ఎవరు? తాళంచెవి జేబులో పెట్టుకున్నవాడు. క్యాథలిక్కుల్లో డొమినికన్లు, జెస్యూట్లు అనే రెండు గురువుల సంఘాలవాళ్లు ఇదే తగువు 1597 నుంచి పోప్ ముందు పెట్టుకుంటే, 1607లో పోప్ ఐదో పౌల్ తీర్పు చెప్పకుండానే ఇద్దర్నీ ఇళ్లకి పంపించాడు. వాళ్లలో ఏ ఒక్కరూ తమరి వాడకం వైపు లేరు. అలాగని దేవుని కృప లేకున్నా మనిషి తన చిత్తంతోనే మంచివాడు కాగలడన్న పెలగియస్ మనిషిననుకోకండి నన్ను, ఆయన బోధని 418లోనే కార్తేజీలో ఖండించారు.

మిమ్మల్ని అడిగేదల్లా ఒక్కటే. బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఎప్పుడైనా తీసి చూశారా? పౌలు ఎక్కిన ఓడ తుపానులో పడింది. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత ముందే చెప్పాడు. అంతకన్నా ఖాయమైన చిత్తం ఏముంటుంది? పద్నాలుగో రాత్రి లోతు కొలిస్తే ఇరవై బారలు, కాస్త పోయాక పదిహేను. వెనక నుంచి నాలుగు లంగర్లు దించారు. ముందు వైపు కూడా లంగర్లు వేస్తామని వంక పెట్టి, ఓడవాళ్లు పడవ దించి జారుకోబోయారు. అప్పుడు పౌలు "దేవుని చిత్తం, పోనివ్వండి" అన్నాడా? వీళ్లు ఓడలో ఉంటేనేగానీ మీరు బతకరు అన్నాడు. సైనికులు కత్తులు తీసి పడవ తాళ్లు కోసేశారు. తెల్లారాక ఈత వచ్చినవాళ్లు దూకారు, రానివాళ్లు చెక్కలు పట్టుకున్నారు. 276 మందీ ఒడ్డెక్కారు. చిత్తం నెరవేరింది, తాళ్లు కోసిన చేతుల మీదుగా!

తాళంచెవి ఆయన మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసిన రోజు తెల్లారకముందే కాటా దగ్గర ఉంటాడు. చిట్టీ పాటకి అరనిమిషం ఆలస్యం కాడు. అక్కడికి మీరెందుకు వెళ్లరండీ? కట్నం చాలని సంబంధానికి "ప్రభువు నడిపింపు లేదు" అనిపించేదీ మీ తమ్ముడే. ఇంటింటికీ తిరిగి ఓట్లు అడుక్కుని సెక్రటరీ అయినవాడు సాక్ష్యంలో చదివేదీ మిమ్మల్నే.

తెలుగులో మీకు ఇంకో అర్థం ఉంది, గుర్తుందా? యజమాని పని చెబితే పాలేరు చేతులు కట్టుకుని "చిత్తం దొరా" అనేవాడు. అంటే చేస్తానని. మీరు ఎగ్గొట్టడానికి పనికొస్తున్నారు. సిగ్గుగా లేదూ?

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద మాత్రం మిమ్మల్ని ఏమీ అనలేను. రక్తం తెచ్చి, డబ్బు కట్టి, సంతకం పెట్టి, ఇక చేసేదేమీ మిగలక ఓ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మిమ్మల్ని పలికినప్పుడు మీరు మీరే. గెత్సేమనే తోటలో "నా చిత్తం కాదు, నీ చిత్తమే" అన్న యేసు కూడా ఆ తర్వాత లేచి, పదండి వెళ్దాం అన్నాడు.

నిన్నటి మీటింగ్‌లో ఆఖరి అంశం రెండో తాళంచెవి. వంద రూపాయల పని, అందరూ చేతులెత్తారు. మినిట్స్‌లో ఏం రాశారో చూస్తారా? "ప్రభువు చిత్తమైతే వచ్చే నెల చేయించవలెను."

ఇట్లు,
వేపచెట్టు కింద పద్నాలుగో మనిషి