ఎడిటింగ్‌కి వెళ్లిన నటి

"నాటకాలు మానేసి ఎడిటింగ్ చేసుకుంటోందట" అని రంగస్థలం వాళ్లు ఒక నటి గురించి చెప్పుకుంటుంటే అందులో కాస్త జాలి, కాస్త నిష్ఠూరం వినిపిస్తాయి. పెళ్లయి పిల్లలు పుట్టాక సాయంత్రం రిహార్సల్స్‌కు రాలేక, ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి వీడియోలు, యూట్యూబ్ ఇంటర్వ్యూలు ఎడిట్ చేస్తుంటుంది. నాకైతే ఆమె నాటకం మానేసిందనిపించదు. నాటకం వేళలు ఆమెకు కుదరలేదు, అంతే.

సురభి వాళ్లు ఈ చిక్కును మరోలా దాటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన ఆ సంప్రదాయంలో కుటుంబమే నాటక సమాజం. తల్లి వేదిక మీదుంటే బిడ్డను ఎత్తుకోవడానికి తెర వెనక ఎవరో ఒకరు ఉంటారు. కాస్త ఊహ రాగానే ఆ బిడ్డకూ ఏ బాలకృష్ణుడి వేషమో సిద్ధం. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో సురభిలో స్త్రీలు నటించగలిగారంటే ఈ ఏర్పాటు బలం చాలానే ఉంది. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన కమలాబాయి సురభి ఆడపడుచే. అలాగని దాన్ని మరీ ఆకాశానికెత్తలేం. ఊరూరా తిరిగే బతుకులో పిల్లల చదువు మాటేమిటి, వేషం ఇష్టంలేని పిల్లవాడి మాటేమిటి?

పరిషత్తు నాటకాలకు, అంటే నాటక పోటీల్లో వేసేవాటికి, ఆ ఆసరా కూడా లేదు. ఆడపాత్ర కోసం పారితోషికమిచ్చి నటిని పిలుస్తారు. ఒకే నటి ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాల నాటికల్లో కనిపించడం మామూలే. అంత కరువున్నా, ఇంట్లో చంటిబిడ్డ ఉన్న నటికి ఏ వేళ కుదురుతుందని అడిగే నిర్వాహకులు అరుదు. నటుడికి బిడ్డ పుడితే మిఠాయి పంచి మర్నాడు రిహార్సల్‌కు వచ్చేస్తాడు.

ఇక ఎడిటింగ్. వేదిక మీద పనిచేసినవాళ్లకు మాటకూ మాటకూ మధ్య ఎంత ఆగాలో ఒంటికి పట్టేసి ఉంటుంది. డైలాగ్ చెప్పే ముఖాన్ని వదిలి వినే ముఖానికి ఎప్పుడు కట్ చేయాలి, అప్పగింతల్లో తల్లి మీద షాట్ ఎంతసేపు ఉంచాలి అన్నవి సాఫ్ట్‌వేర్ నేర్పే సంగతులు కావు. ఎడిటింగ్ ఆమెకు తిరిగి నేర్పేదీ ఉంది. చివరి వరసకు అందాలని పెంచిన గొంతు, సాచిన చెయ్యి క్లోజప్‌లో ఎంత అతిగా ఉంటాయో తన ముఖాన్నే పదిసార్లు వెనక్కి తిప్పి చూసుకుంటే తెలుస్తుంది. నటనకు అంత నిర్దాక్షిణ్యమైన దర్శకుడు దొరకడు.

దీనికి మూల్యమూ తక్కువేం కాదు. పిల్లలు పడుకున్నాకే పని మొదలు. చప్పట్లు లేవు, తోటి నటులు లేరు. "ఆ పాట మార్చండి మేడమ్" అని అర్ధరాత్రి వాట్సాప్ మెసేజ్ మాత్రం వస్తుంది. పని ఇంట్లోనే కాబట్టి ఇంటిపని తగ్గిందని ఎవరూ అనుకోరు; కాఫీ పెట్టమనే గొంతు హెడ్‌ఫోన్స్ దాటి వచ్చేస్తుంది.

మరోపక్క యూట్యూబ్‌లో పరిషత్తు నాటికలు చూడండి. చాలావాటిలో హాలు వెనక ఒక్క కెమెరా. మనుషులు బొమ్మలంత, మాటలు నూతిలోంచి వచ్చినట్టు. నాటకం తెలిసిన ఎడిటర్ ఊళ్లోనే ఉంది. రెండు మూడు కెమెరాలతో తీయించి ఆమె చేతికిచ్చి, నటికిచ్చే పారితోషికమే ఇస్తే ఏ పరిషత్తూ దివాలా తీయదు. రిహార్సల్స్‌ను ఆదివారం ఉదయానికి మార్చగలిగితే వేషానికీ ఆమెనే అడగొచ్చు.